దారే లేదు

అర్జీలో ముఖ్యమైన మాట కింద ఎర్రగీత గీయమని అడిగేవాళ్లు చాలామంది. కొందరు రెండు గీతలు గీయిస్తారు, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టిస్తారు. కురుపాం చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లకు అర్జీలు రాసిపెడుతూ వచ్చాక నాకనిపించేది ఒకటే: గీత అవసరపడిందంటే వాక్యం కుదరలేదన్నమాట.

కొండ దిగి వచ్చిన సవర పెద్దావిడ ‘మాకు దారే లేదు బాబూ’ అంటుంది. తెలుగు ఆమెకు రెండో భాష. అయినా ఏకారం ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. దారి గోతులు పడిందని కాదు, వానాకాలం బురదని కాదు, అసలు లేదు. పురిటినొప్పుల మనిషిని డోలీలో మోసుకొచ్చేది అందుకే. అదే మాట కాగితం ఎక్కేసరికి ‘రహదారి సౌకర్యం సక్రమంగా లేనందున తగు చర్యలు గైకొనవలసిందిగా’ అయిపోతుంది. చదివిన అధికారికి అది మరమ్మతు పనిలా కనబడుతుంది. ఆ తర్వాత ఎన్ని గీతలు గీస్తే ఏం లాభం?

పట్టా అర్జీల్లో ఈ చిక్కు ఇంకా తీవ్రం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందునుంచీ భూమి గిరిజనుడి సాగులో ఉండాలి. ‘అప్పుడు దున్నుతున్నాం’ అంటే సరిపోదు, ‘అప్పటికే దున్నుతున్నాం’ అనాలి. ‘మా తాత ఈ పోడు కొట్టాడు’ అనడం వేరు, ‘ఈ పోడు కొట్టింది మా తాత’ అనడం వేరు. మాట చోటు మారగానే, ఎవరు కొట్టారన్న తగువుకు జవాబు దొరుకుతుంది. ఊరి చివర ఇల్లు అంటే ఏదో ఒక ఇల్లు. చిట్టచివరి ఇల్లు అంటే దాని తర్వాత అడవే.

అలాగని ప్రతి మాటకూ ఏకారం తగిలిస్తే ఏదీ వినబడదు. అర్జీకి ఒకటి, మహా అయితే రెండు.

అది ఏ మాటకు పడాలో తెలియాలంటే ముందు వినాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. మనిషి నోట మాట ఎలా పలుకుతుందో ముందు వినాలన్న పట్టుదలే ఆయన్ని ఈ రెండు పనులకూ నడిపించిందని నా నమ్మకం.

అందుకే కలం తియ్యకముందు విషయం రెండుసార్లు చెప్పించుకుంటాను. రెండుసార్లూ గొంతు ఏ మాట దగ్గర ఒత్తి పలికిందో ఆ మాటను, వాళ్లు అన్నది అన్నట్టుగా, మొదటి వాక్యంలో పెడతాను. ‘గైకొనవలసిందిగా’ ఎక్కడో కింద ఉంటే ఉంటుంది.