ఎక్కడ ఆపినా చెడని పని

సూదుల మీంచి అప్పుడే దిగిన ఆ అల్లికను బల్లమీద పరిస్తే, అదేమిటో చూసినవాళ్ళెవరూ చెప్పలేరు. చతురస్రం అనడానికి లేదు, త్రికోణం అనడానికీ లేదు. మూలలు ఉండకూడని చోట మూలలున్నాయి. నడుమ బట్ట ఉబ్బి, ఎటు లాగినా సాపుగా పరుచుకోదు. మెడ ఏది, చెయ్యి ఏది అని వెతికితే ఏమీ దొరకదు. మా చెల్లెలి కూతురు దాన్ని అందుకుని ఈ మూలను ఇటు, ఆ మూలను అటు మడిచింది. అంతే, పసిబిడ్డ కోటు! రెండు చేతులు, ముందువైపు తెరుచుకునే రెండు భాగాలు, మధ్యలో మెడ. విడిగా అల్లి తెచ్చి అతికిన ముక్క ఒక్కటీ లేదు. ఇక మిగిలినవి రెండే రెండు అతుకులు, మెడ దగ్గర మొదలై భుజం మీదుగా చేతి చివరిదాకా వెళ్ళేవి.

ఈ నమూనా ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే ఆవిడది. 1910లో ఇంగ్లండులో పుట్టి, పెళ్ళయ్యాక అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడిన మనిషి. ముగ్గురు పిల్లల తల్లి. పత్రికలకు పంపిన నమూనాలను సంపాదకులు తమకు నచ్చినట్టు మార్చేస్తుంటే విసిగిపోయి, 1958 నుంచి తనే ఒక చిన్న కరపత్రం అచ్చువేసి అల్లేవాళ్ళకు పంపడం మొదలుపెట్టింది. ఈ కోటు 1968 నాటిది. ఇంగ్లీషులో దాని పేరుకు ‘పసిబిడ్డ ఆశ్చర్యపు కోటు’ అని అర్థం. 1971లో వచ్చిన ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ పుస్తకం ఆవిడకు పెద్ద పేరు తెచ్చింది. 1999లో కన్నుమూసింది. అల్లిక గురించి పట్టుదలగా ఆలోచించేవాళ్ళు ఇప్పటికీ ఆవిడ లెక్కల్నే పట్టుకుని నడుస్తున్నారు.

మా చెల్లెలి కూతురిది హైదరాబాదులో రెండు గదుల ఇల్లు. ఐదేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు. కోటు ఆమె తోడికోడలికి పుట్టబోయే బిడ్డ కోసం. ఆ ఇంట్లో పది నిమిషాలు వరసగా ఎవరి చేతుల్లోనూ ఉండవు. పాలు పొంగుతాయి, బాబు మంచం కిందికి దూరతాడు, పాపకి ఉన్నట్టుండి ఎర్ర క్రేయానే కావాలి. అలాంటి ఇంట్లో ఊలు అల్లడం, వారానికి రెండుసార్లు రొట్టె కాల్చడం ఎలా సాగుతున్నాయని నేను శ్రద్ధగా చూస్తూ వచ్చాను. ఓపిక ఉంటే సరిపోతుందనే మాట నేను నమ్మను. ఆమె నేర్పు పని ఎంచుకోవడంలోనే మొదలవుతుంది. ఎక్కడ వదిలేసినా చెడనిదీ, తిరిగి అందుకుంటే ఎక్కడున్నామో తనే చెప్పేదీ అయితేనే ఆమె చేపడుతుంది.

కోటు సంగతే చూద్దాం. అల్లికలో ఉన్నదల్లా ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చును లాగడమే. ఎడమ సూది మీద వరుసగా ఉచ్చులుంటాయి. ఒక్కో దాన్ని ఒక కుట్టు అంటారు. కుడి సూదిని అందులో దూర్చి, ఊలును చుట్టి, కొత్త ఉచ్చును పాతదానిలోంచి బయటికి తీస్తే పాత కుట్టు జారిపోతుంది, కొత్తది కుడి సూది మీద నిలుస్తుంది. ఉచ్చును మనవైపు తీస్తే సీదా, అవతలివైపు తీస్తే ఉల్టా. సీదా కుట్టుకు ముందువైపు నునుపు, వెనకవైపు గుబ్బ. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అల్లితే గుబ్బలన్నీ వెనక్కి పోయి ముందుభాగం నున్నగా వస్తుంది. దుకాణంలో కొనే స్వెటర్లలో ఎక్కువ భాగం ఇదే. చూపుకు బాగుంటుంది గానీ ఆ బట్టకు అంచులు చుట్టుకుపోయే గుణం ఉంది. పైగా అల్లేవాళ్ళు ఇప్పుడున్నది ఏ వరుసో గుర్తుపెట్టుకోవాలి.

జిమ్మర్‌మన్ కోటులో ఉల్టా లేదు. ప్రతి వరుసా సీదాయే. అటునుంచి సీదా, తిప్పి ఇటునుంచీ సీదా. అప్పుడు ఒక వరుస గుబ్బలు ఈ ముఖం మీద, తర్వాతి వరుసవి ఆ ముఖం మీద పడతాయి. రెండు వరుసలకు ఒక గట్టు లేస్తుంది. రెండు ముఖాలూ ఒక్కలాగే ఉంటాయి, ఇటూ అటూ బిగువు సమానం కనుక అంచులు చుట్టుకోవు. మధ్యలో వదిలేసి రెండు రోజుల తర్వాత అందుకున్నా ‘సీదానా, ఉల్టానా’ అన్న ప్రశ్నే రాదు.

ఈ అల్లికకు ఇంకో గుణం ఉంది. కోటు మర్మమంతా అందులోనే ఉంది. ఒక కుట్టు వెడల్పూ, ఒక గట్టు ఎత్తూ దాదాపు సమానం. అంటే బట్ట మొత్తం చిన్న చిన్న చదరాలతో కట్టినట్టే. ఇప్పుడు వరుసలో ఒక చోటు గుర్తుపెట్టి, ప్రతి గట్టుకూ అక్కడ మూడు కుట్లను ఒకటిగా కలిపారనుకోండి. ఆ చోటుకు ఇటు ఒక కుట్టు, అటు ఒక కుట్టు తగ్గుతుంది. ఒక గట్టు ఎత్తు పెరిగేసరికి ఒక కుట్టు వెడల్పు తరుగుతోంది. ఎత్తూ వెడల్పూ సమానం కనుక ఆ తరుగు గీత సరిగ్గా 45 డిగ్రీలలో నడుస్తుంది. ఇటు 45, అటు 45. నిటారుగా సాగాల్సిన అంచు అక్కడ 90 డిగ్రీల మలుపు తిరుగుతుంది. కత్తెర లేదు, కత్తిరింపు లేదు. లంబకోణం లెక్కలోంచే పుట్టింది.

కోటు 160 కుట్లతో మొదలవుతుంది. అలాంటి మలుపులు రెండు చోట్ల ఉంటాయి కనుక గట్టుకు నాలుగు కుట్లు తగ్గుతాయి. ఈ తగ్గుదల చేతులకు రూపం ఇస్తుంది. తర్వాత అవే రెండు చోట్ల తగ్గించడం మాని పెంచడం మొదలవుతుంది. మలుపు ఇప్పుడు ఎదురు దిశలో తిరుగుతుంది, ఒంటి భాగం విచ్చుకుంటుంది. సూదుల మీద ఉండగా ఇదేదీ కనిపించదు. ముడతలు పడ్డ గుడ్డలాగే ఉంటుంది. మడిచినప్పుడే రెండు మలుపులూ తమ స్థానాల్లోకి వస్తాయి. నమూనాలో సైజులు కూడా లేవు. 160 కుట్లు ఎప్పుడూ 160యే. సన్న ఊలూ సన్న సూదులూ అయితే పురిటిబిడ్డకు, లావువి అయితే ఏడాది బిడ్డకు.

మూడింటిని ఒకటి చేసే తీరు ఇది. మొదటి కుట్టును అల్లకుండానే కుడి సూదికి మార్చాలి. తర్వాతి రెంటినీ కలిపి ఒకటిగా అల్లాలి. ముందు మార్చిన కుట్టును దాని మీదుగా దాటించి వదిలేయాలి. ఆ అమ్మాయి ఆ రెండు చోట్లా చెరో పిన్నీసు గుచ్చి ఉంచుతుంది, బట్ట పెరిగే కొద్దీ పైకి జరుపుతుంది. “ఇందులో లెక్కపెట్టేదేం లేదు పెద్దమ్మా, పిన్నీసు దగ్గర కళ్ళు తెరిస్తే చాలు” అంటుంది. గట్ల లెక్క మాత్రం పాపది. ఒక గట్టు పూర్తికాగానే పలక మీద ఒక గీత. ఐదో గీతను అడ్డంగా కొట్టడం ఎక్కడ నేర్చుకుందో గానీ, దాన్ని కొట్టే అవకాశం కోసం అమ్మను తొందరపెడుతూ ఉంటుంది.

సూదుల ఎంపికలోనూ ఆలోచన ఉంది. రెండు విడి సూదులు వాడదు. రెండు చిన్న సూదుల్ని సన్నటి వంగే తీగతో కలిపిన గుండ్రటి సూది వాడుతుంది. జిమ్మర్‌మన్‌కూ అదే ఇష్టం. పని ఆపగానే కుట్లన్నిటినీ తీగ మధ్యలోకి తోసేస్తుంది. బాబు వచ్చి ఒక కొస పట్టుకుని లాగినా ఒక్క కుట్టు జారదు. విడి సూదులైతే ఈపాటికి ఆ కోటు నాలుగుసార్లు ఊడేది. తర్వాత అంతా గుడ్డసంచిలోకి, సంచి తలుపు వెనక మేకుకు. ఆ మేకు ఎత్తు బాబు కుర్చీ ఎక్కినా అందనంత.

చివరి రెండు అతుకుల్నీ కుట్టుమిషను కింద పెట్టదు. మొద్దు మొన ఉన్న సూదిలో అదే ఊలు ఎక్కించి, ఈ అంచున ఒక గట్టు గుబ్బను, ఆ అంచున దానికి సరిపడే గుబ్బను అందుకుంటూ పోతుంది. బిగించి లాగగానే రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. గట్టు గట్టుతో కలిసిపోయి అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియదు. కాజాలు రెండు వైపులా ఉంచింది. పుట్టేది ఆడపిల్లో మగపిల్లాడో మన దేశంలో ముందుగా తెలుసుకోకూడదు కదా! ఆడవాళ్ళ బట్టలకు ఒక వైపు, మగవాళ్ళ బట్టలకు ఇంకో వైపు గుండీలుంటాయి. బిడ్డ పుట్టాక ఒక వైపు కాజాల మీదే గుండీలు కుట్టేస్తే అవి మూసుకుపోతాయి. అంత పసిబిడ్డకు ఈ పట్టింపు దేనికని నాకనిపించింది గానీ, ఉపాయం మాత్రం ముచ్చటైనది.

రొట్టె దగ్గరా ఇదే తెలివి. వంద గ్రాముల మైదాకు 65 గ్రాముల నీళ్ళు, 2 గ్రాముల ఉప్పు, అర గ్రాము ఈస్టు. కొలతలన్నీ తూకం మీదే, గ్లాసులతో కాదు. రాత్రి పిల్లలకు అన్నాలు పెట్టాక మైదానూ నీళ్ళనూ పొడిపిండి కనిపించనంతవరకే కలిపి మూతపెట్టేస్తుంది. అరగంట ఆ గిన్నె జోలికి పోదు. పిండిలోని రెండు రకాల మాంసకృత్తులు నీళ్ళు పీల్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకోవడం ఈ అరగంటలో వాటంతటవే జరుగుతుంది. బాబుని నిద్రపుచ్చి వచ్చేసరికి, చిరిగిపోయే ముద్ద కాస్తా సాగే ముద్ద అవుతుంది. అప్పుడు ఉప్పూ ఈస్టూ కలిపి కాసేపే పిసుకుతుంది. చిన్న ముక్క తీసి నాలుగు వేళ్ళ మీద సాగదీసి దీపానికి పెడుతుంది. చిరగకుండా వెలుతురు దాని గుండా కనిపించిందంటే వల గట్టిపడినట్టే.

ఆ తర్వాత గిన్నె ఫ్రిజ్‌లోకి పోతుంది. మన ఎండాకాలంలో బయట ఉంచితే ఈస్టు పరుగులు పెట్టి పిండి త్వరగా పొంగి కూలబడుతుంది. చల్లదనంలో అదే పని రాత్రంతా నిదానంగా సాగుతుంది, రుచి కూడా పెరుగుతుంది. ఇడ్లీపిండి కలిపి పడుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన విద్య కాదు. పొద్దున్నే పాపను బడి బస్సెక్కించి వచ్చి పిండిని చాపలా పరిచి, చుట్టి, అతుకు కిందికి వచ్చేలా డబ్బాలో పెడుతుంది. అక్కడ మళ్ళీ పొంగాలి. వేలితో నొక్కితే గుంట టక్కున పైకి లేచిందంటే ఇంకా ఆగాలి. అసలు లేవలేదంటే ఆలస్యమైపోయింది. మెల్లగా, సగం మాత్రమే పూడితే ఓవెన్ వేడి చేసుకోవచ్చు. 200 డిగ్రీలలో ముప్పై అయిదు నిమిషాలు. తీశాక బోర్లించి అడుగున తడుతుంది, బోలు చప్పుడు రావాలి. బాబుకి కూడా ఒక గోలీ అంత ముద్ద ఇస్తుంది. వాడు దాన్ని నేలకేసి రుద్ది, బూడిదరంగు చేసి, తనదీ కాల్చమని తెచ్చి ఇస్తాడు. కాలుస్తుంది, తినడానికి మాత్రం వేరేది పెడుతుంది.

కోటు తర్వాత అత్తగారికి గుండ్రటి శాలువా మొదలుపెట్టింది. ఇదీ జిమ్మర్‌మన్ లెక్కే. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలత కూడా రెట్టింపవుతుంది. మనం బడిలో చదివి మరిచిపోయిన సంగతి. మామూలుగా గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి ఒకటి రెండు చుట్లకూ కొన్ని కుట్లు పెంచుతూ ఎక్కడ పెంచామో రాసుకోవాలి. జిమ్మర్‌మన్ అవన్నీ కొట్టేసింది. నడుమ 9 కుట్లు. ఒక చుట్టు అల్లాక ఒక్కసారే రెట్టింపు చేస్తే 18. మూడు చుట్ల తర్వాత 36. ఆరు చుట్ల తర్వాత 72. పన్నెండు చుట్లకు 144, ఇరవై నాలుగుకు 288, నలభై ఎనిమిదికి 576. శాలువా మొత్తంలో జాగ్రత్తగా ఉండాల్సినవి ఆరు చుట్లే. తక్కినదంతా కబుర్లు చెబుతూ, బాబు వెనక కళ్ళు పెట్టి అల్లుకుపోవచ్చు. నడుమ నడుమ కాస్త బిగువూ వదులూ ఉన్నా, పూర్తయ్యాక తడిపి, గుండ్రంగా లాగి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెడితే అల్లిక సర్దుకుంటుంది. నాకు కోటు కంటే ఇదే గొప్పగా తోచింది. కోటులో చమత్కారం ఉంది, శాలువాలో అయితే బడిలో చదివిన లెక్క ఒక తల్లికి తీరిక ఇస్తోంది.

ఇలాంటివి అల్లుకోవడం కొనడం కంటే చవకేమీ కాదు. ఊలు ధరే యంత్రం మీద చేసిన స్వెటరు ధరను దాటుతుంది, గంటల సంగతి సరేసరి. అందుకే ఒక మాట. ఎవరైనా మీ బిడ్డకు చేత్తో అల్లిన స్వెటరు ఇస్తే, ఒకసారి తిరగేసి లోపలివైపు చూడండి. ఊలు కొసలు ముడులు వేసి కత్తిరించి ఉన్నాయా, లేక కుట్ల వెనకగా నాలుగంగుళాలు నడిచి కనబడకుండా పోయాయా? అతుకు దగ్గర గట్లు కలిశాయా? చూశాక ఇచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పండి. ‘చాలా బాగుంది’ అని అందరూ అంటారు, కొసలు ఎంత బాగా కలిపావో అనేవాళ్ళు తక్కువ.