‘కాస్త’ లెక్క

మా ఇంట్లో కొలతల టేపు కుట్టుమిషను సొరుగులో ఉండదు. నా సూట్‌కేసులో, పళ్లు తోముకునే బ్రష్షు పక్కన ఉంటుంది. ఊరెళ్తున్నామంటే అక్క ముందు మందులు సర్దుతుంది, నేను ముందు టేపు సర్దుతాను. తర్వాత చక్రాలకి గాలి కొట్టే చిన్న పంపు, పంక్చర్ సామాను, ఒక స్క్రూడ్రైవరు, గడప ఎక్కడానికి రెండు ఏటవాలు చెక్కలు, స్నానానికి మడత కుర్చీ. చూసినవాళ్లకి సెలవులకి వెళ్తున్న మనిషిలా కనిపించను. ఎక్కడో వడ్రంగం పని ఒప్పుకున్నట్టుంటాను.

ఇరవై రెండేళ్ల క్రితం ఆటో బోల్తా పడి నా వెన్ను దెబ్బతింది. నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. అప్పట్నుంచీ ఉద్యోగం, వంట, సినిమాలు, పెళ్లిళ్లు అన్నీ చక్రాల కుర్చీలోనే. ఇంట్లో గడపలు తీయించాం, స్టవ్వు గట్టు కిందికి దించాం, స్విచ్చులు చేతికందే ఎత్తుకి తెచ్చాం. రోజంతా ఎవరినీ ఏమీ అడగకుండా గడిచిపోతుంది. ఇల్లు దాటగానే మాత్రం నోట్లోకి ఒక మాట వచ్చి కూర్చుంటుంది. ‘బాబూ, కాస్త ఈ తలుపు పట్టుకుంటావా?’ ‘అమ్మా, కాస్త జరుగుతారా?’ ‘తమ్ముడూ, కాస్త ఆ ప్లేటు అందిస్తావా?’

బయట బస చేసినప్పుడు ఈ ‘కాస్త’ ఎన్నిసార్లు అన్నానో రాత్రి డైరీలో గీతలు పెట్టుకోవడం కొన్నేళ్లుగా అలవాటు. హోటళ్లకి నేనిచ్చే స్టార్లు అవే, కాకపోతే తిరగేసి చదవాలి. గీతలు ఎంత తక్కువైతే హోటలు అంత గొప్పది. ఒక్కరోజులో నా రికార్డు ముప్పై నాలుగు. అది కొండమీది రిసార్టు. ఫొటోల్లో చాలా బాగుంటుంది.

హోటల్లో దిగడమనే పని నాకు ఫోనుతో మొదలవుతుంది. మొదట్లో తెలియక ‘మీ దగ్గర వీల్‌చెయిర్ సౌకర్యం ఉందా?’ అని అడిగేదాన్ని. ‘ఉంది మేడమ్’ అనేవాళ్లు. తీరా వెళ్లాక, రిసెప్షన్ వెనక మడిచిపెట్టిన వీల్‌చెయిర్‌ని దుమ్ము దులిపి తెచ్చేవాళ్లు. అబద్ధం చెప్పలేదు పాపం, ప్రశ్న వేయడం నాకే రాలేదు. ‘మెట్లున్నాయా?’ అన్నా అంతే. ‘లేవు మేడమ్, రెండే’ అంటారు. నడిచేవాళ్ల లెక్కలో రెండు మెట్లు మెట్లే కావు.

అందుకే ఉందా లేదా అనే ప్రశ్నలు మానేశాను. జవాబుగా అంకె వచ్చేవే అడుగుతాను. అదీ బుకింగ్ వాళ్లని కాదు, హౌస్‌కీపింగ్ వాళ్లని. గదులు తుడిచేవాళ్లకి తెలిసినంతగా గదులు ఇంకెవరికీ తెలియవు. వాళ్ల దగ్గర టేపు ఉండదు కాబట్టి ఒక ఉపాయం కనిపెట్టాను. ఏ హోటల్లోనైనా ఏ4 కాగితాలుంటాయి. ఒక్కోటి 21 సెంటీమీటర్ల వెడల్పు. ‘బాబూ, బాత్రూం గుమ్మంలో మూడు కాగితాలు పక్కపక్కన పరిచి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతావా?’ అంటాను. మూడూ పడితే 63 సెంటీమీటర్లు. నా కుర్చీ 61. చేతి కణుపులు గీరుకుపోకుండా వెళ్లాలంటే చక్రాలు వదిలేసి గుమ్మం పట్టుకుని లాక్కోవాలి. అది నాకొచ్చు.

మొన్న రెండు రోజుల సెలవుకి విశాఖ వెళ్లి, ఋషికొండ దారిలో ఒక హోటల్లో దిగాం. ముందు భాగంలో మూడు నల్లరాతి మెట్లు, అద్దంలా మెరుస్తూ. సామాన్లు మోసే కుర్రాడు ‘మనకి వెనక దారుంది మేడమ్’ అన్నాడు. ఆ దారి గ్యాసు సిలిండర్లు, ఉల్లిపాయ బస్తాలు, వంటింటి కిటికీలోంచి వచ్చే తాలింపు ఘాటు దాటుకుని వెళ్తే వచ్చింది. ర్యాంపుకి ఒక సూత్రం ఉంది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఆ మూడు మెట్లు అడుగున్నర ఎత్తుంటాయి, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు ఉండాలి. అక్కడున్నది ఆరడుగులు. ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుంటే ఎక్కాను. ‘దీన్ని మేము లగేజీ ర్యాంపు అంటాం మేడమ్’ అన్నాడు కుర్రాడు, ఆయాసపడుతూనే. పెట్టెలకి చక్రాలొచ్చాయని వాటికి దారి వేశారు. ఆ దారినే నేనూ వెళ్తున్నాను. పెట్టెలకి రుణపడి ఉన్నాను.

ఆ హోటల్లో వికలాంగుల గది అని ఒకటి లేకపోలేదు. కింది అంతస్తులో, జనరేటర్ పక్కన. కిటికీ తీస్తే పార్కింగు. బాత్రూం మాత్రం విశాలంగా ఉంది. సముద్రం కావాలా, స్నానం కావాలా తేల్చుకోమన్నట్టుంది వ్యవహారం. స్నానం ఇంట్లో రోజూ ఉన్నదే కదా అని మూడో అంతస్తులో సముద్రం వైపు మామూలు గది తీసుకున్నాను.

గదిలోకి వెళ్లగానే మంచం ఎత్తు కొలుస్తాను. నడిచేవాళ్లు పరుపు మెత్తగా ఉందో లేదో చూస్తారు, నాకు ఎత్తు ముఖ్యం. కుర్చీలోంచి మంచం మీదికి మారడం ఏతం తొక్కడం లాంటి పని. ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి పరుపు మీద ఆనించి, తల ఒక పక్కకి విసురుగా వంచితే నడుం రెండో పక్కకి లేస్తుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే రెండు సెకన్ల పని. నా కుర్చీ సీటు, గాలిదిండుతో కలిపి, ఇరవై అంగుళాలు. ఆ మంచం ఇరవై ఏడు. స్టార్లు పెరిగేకొద్దీ పరుపులూ పెరుగుతాయి. ఏడంగుళాలంటే నాకు ప్రహరీ గోడ ఎక్కినట్టే. చేతకాక మనుషుల చేత ఎత్తించుకుంటే ఎక్కడ పట్టుకోవాలో వాళ్లకి తెలియదు, ఎక్కడ పట్టుకుంటున్నారో నడుం కింద నాకు తెలియదు. పరాయి మగవాళ్లు నలుగురు మంచి మనసుతోనే ఎత్తుతున్నా, ఆ పది సెకన్లూ నేను కళ్లు మూసుకునే ఉంటాను.

ఫోన్ చేస్తే హౌస్‌కీపింగ్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మంచం మీద రెండు పరుపులున్నాయని ఆయనకే తెలుసు. పైది తీసి గోడకి ఆనించాడు. ఇరవై ఒకటికి దిగింది. ఇక బాత్రూం. మూడు కాగితాలూ బుద్ధిగా పట్టిన గుమ్మం నా కుర్చీని ఆపేసింది. టేపు తీస్తే తెలిసింది. తలుపు పూర్తిగా వెనక్కి వాలదు, గుమ్మానికి అడ్డంగా నిలబడిపోతుంది. దాని మందం నేను లెక్కెయ్యలేదు.

‘తలుపు ఊడదీసేద్దామా అమ్మా?’ అన్నాడు పెద్దాయన.

‘మీ వాళ్లు ఏమీ అనరా?’

‘మళ్లీ బిగిస్తాం కదా.’

నేను స్క్రూడ్రైవరు అందించాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, ‘మీరు మేస్త్రీ ఇంట పుట్టారా తల్లీ?’ అన్నాడు. బందులు విప్పి తలుపు బయట పెట్టి, గుమ్మానికి దుప్పటి వేలాడదీశాడు.

లోపల చూసుకోవాల్సినవి ఇంకా ఉంటాయి. గోడకున్న కడ్డీ మనిషి బరువు మోసేదా, తువ్వాలు మోసేదా? రెండూ చూడ్డానికి కవలపిల్లలు. ఒకసారి ఒక ఊళ్లో రెండోదాన్ని మొదటిదనుకుని పట్టుకుంటే అది నాతోపాటే కిందికొచ్చింది. స్నానానికి వాళ్లిచ్చే ప్లాస్టిక్ కుర్చీ తడి టైల్సు మీద జారుతుంది, అందుకే నా కుర్చీ నేనే మోసుకెళ్తాను. అన్నిటికన్నా వేడినీళ్లు. గీజర్ నీళ్లు పాదం మీద పడితే కాలిందని నా పాదం నాకు చెప్పదు. బొబ్బ లేచాక కళ్లకి కనిపించాలి. కాబట్టి ముందు మణికట్టు మీద పోసుకుని చూస్తాను, పసిపిల్లకి పాలు కలిపినట్టు.

ఆ రాత్రి డైరీలో పంతొమ్మిది గీతలు పడ్డాయి. అందులో పెద్దాయనతో అన్నవే ఎనిమిది.

ఆయన మంచితనం గురించే రాసి ఈ వారం కాలమ్ ముగించవచ్చు. కానీ ఆయన డ్యూటీ రాత్రి పదికి అయిపోతుంది. తలుపు వెడల్పుకి షిఫ్టులుండవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, జనం వాడే భవనం అందరికీ అందుబాటులో ఉండాలంది. పాత కట్టడాలు మార్చుకోవడానికి ఐదేళ్ల గడువిచ్చింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మరి తలుపులెందుకు వెడల్పు కాలేదు?

దీనికి జవాబు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దొరికింది. చూపులేని ఆయన 2005లో వేసిన పిటిషన్ అది. చట్టం తప్పనిసరి అంటుంటే, దాని కింద 2017లో రాసిన నిబంధనల్లో 15వది ముందుపెట్టిన మార్గదర్శకాలు సలహాల్లా ఉన్నాయని, ఆ నిబంధన చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సినవేవో విడదీసి, మూడు నెలల్లో కొత్తగా రాయమంది. ఈ కేసులో కోర్టు కోరగా దేశంలో పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. తీర్పు గురించి చదువుతుంటే నాకు నా డైరీ గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ప్రభుత్వం కూడా కట్టేవాళ్లతో నాలాగే మాట్లాడిందన్నమాట. ‘బాబూ, కాస్త ర్యాంపు పెడతారా?’

మర్నాడు టిఫిన్ల దగ్గర బల్లలు నా గడ్డం ఎత్తున ఉన్నాయి. మూతలు కనిపిస్తాయి, లోపల ఏముందో కనిపించదు. వాసన పట్టి ఇది ఉప్మా, ఇది సాంబారు అని చెప్పుకుంటూ వెళ్లాను. వడ్డించే అబ్బాయి నన్ను చూస్తూ అక్కని అడిగాడు, ‘మేడమ్‌గారు ఏం తింటారండీ?’ అని. కాళ్లు పనిచేయకపోతే చెవులూ నోరూ కూడా పనిచేయవని చాలామంది నమ్మకం. అక్క ‘ఆవిడకి నోరుంది బాబూ, నాకన్నా పెద్దది’ అంది. అబ్బాయి సిగ్గుపడి, నాకు రెండు పెసరట్లు వేసిచ్చాడు.

సాయంత్రం ఒడ్డుకి వెళ్లాం. ఇసుకలో ముందు చక్రాలు దిగబడిపోతాయి కాబట్టి కుర్చీని వెనక్కి తిప్పి లాగాలి. సముద్రానికి వీపు పెట్టి సముద్రం దగ్గరికి వెళ్లడమన్నమాట. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీదుగా అలల దగ్గరి దాకా చెక్కదారి వేశారు. రెండు వారాలకే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది, తర్వాత బాగుచేశారు. ఆ దారిలో ఒకసారి ఎవరి సాయమూ లేకుండా నీళ్ల దాకా వెళ్లాను. అల వచ్చి పాదాలు తడిపింది. పాదాలకి తెలియలేదు. వంగి చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ఆ రోజు డైరీ పేజీలో గీతలు వెతుక్కోవాలి.

విశాఖలో రెండోరోజు గీతలు ఆరు. మంచం దిగింది, తలుపు లేదు, కావాల్సినవన్నీ పొద్దున్నే చేతికందేలా పెట్టించుకున్నాను. హోటలు మారలేదు, నేను దాన్ని నా కొలతకి కుట్టుకున్నానంతే.

బయల్దేరే రోజు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. పక్క మంచం మీద అక్క సన్నగా గురక పెడుతోంది. ఏతం ఒకసారి తొక్కి కుర్చీలోకి మారాను. దుప్పటి తొలగించుకుని ముఖం కడుక్కున్నాను. కెటిల్ ముందురాత్రే కిందికి దింపించి పెట్టుకున్నాను, కాఫీ కలుపుకున్నాను. బాల్కనీ గుమ్మానికి రెండంగుళాల గట్టు ఉంది. అటొక చెక్క, ఇటొక చెక్క పెట్టి, ఒక్క ఊపున దాటాను.

రెయిలింగు పై కడ్డీ సరిగ్గా నా కళ్ల ఎత్తున ఉంది. సముద్రాన్ని నిలువునా కాదు, అడ్డంగా రెండు ముక్కలు చేసింది. కాస్త కిందికి జారి కూర్చుంటే కడ్డీల సందుల్లోంచి మొత్తం కనిపించింది. ఈ ‘కాస్త’ నాతో నేను అనుకున్నది, లెక్కలోకి రాదు. చీకటిలో వేటపడవల దీపాలు నాలుగైదు, తర్వాత బూడిదరంగు, తర్వాత గీతలా ఎరుపు.

సూర్యుడు పూర్తిగా పైకొచ్చాక లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. ‘ఎప్పుడు లేచావే? నన్ను లేపలేదేం?’

‘పని పడలేదక్కా.’

కాసేపు చప్పుడు లేదు. తొంగి చూస్తే, దుప్పటి ముఖం మీదికి లాక్కుని మళ్లీ పడుకుంది. ఇరవై రెండేళ్లుగా నాతో సెలవులకి వస్తోంది మా అక్క. ఆరింటి దాకా పడుకోవడం ఆమెకి ఇదే మొదటిసారి.