రిచ్ మలిన్స్ భక్తిగీతములు

భక్తిగానమునకు రెండు గండములు కలవు. భక్తి మెండై కళ సన్నగిల్లుట యొకటి. కళ ప్రబలి దేవుని పీఠమున గాయకుడే కూర్చుండుట రెండవది. అమెరికాలో 1970 తరువాత క్రైస్తవ సంగీతమునకు జనప్రియమైన బాణీలును, గిటారులును, డ్రమ్ములును తోడై, అది క్రమముగా పెద్ద వ్యాపారమైనది. ఆ సంతలో నిలిచియు సంతకు పూర్తిగా లొంగని వాగ్గేయకారుడు రిచ్ మలిన్స్. ఆయన విశ్వాసము ఆయన పాటకు మేలు చేసెనా, కీడు చేసెనా యనునదే ఇచట విచారింపవలసిన విషయము.

మలిన్స్ 1955లో ఇండియానా రాష్ట్రమందలి రిచ్మండ్ పట్టణమున జన్మించెను. బాల్యముననే పియానోపై దేవాలయ కీర్తనలు వాయింప నేర్చెను. 1982లో అమీ గ్రాంట్ అను గాయని ఆయన గీతమొకదానిని పాడుటతో ఆయన పేరు లోకమునకు తెలిసినది. 1988లో వెలువడిన ‘ఆసమ్ గాడ్’ ఆ పేరును ఇంటింటికి చేర్చినది. ఈ పాట పల్లవిని సంగీతజ్ఞానము లేనివారును ఒకమారు విని పాడగలరు. సమాజగానమునకు అది గొప్ప గుణమే. కాని చరణముల సంగతి వేరు. ఏదెను వనమునుండి ఆదిదంపతులు వెడలుట, సొదొమ నాశనము మొదలగు ఘట్టములను అవి వడివడిగా వల్లించి పోవును. అందు గీతపు నడక కంటె ఉపన్యాసపు ధోరణియే హెచ్చు. అందుచేతనే అనేక దేవాలయములలో పల్లవి నిలిచినది. చరణములు మరుగున పడినవి. ఆయన మిక్కిలి ప్రసిద్ధ గీతము ఆయన ఉత్తమ గీతము కాదని నా అభిప్రాయము.

ఉత్తమమైనది 1993 నాటి ‘ఎ లిటర్జీ, ఎ లెగసీ అండ్ ఎ రాగమఫిన్ బ్యాండ్’ అను సంపుటము. ఇందలి పూర్వభాగము ఆరాధనక్రమమును అనుసరించును. ఉత్తరభాగము స్వదేశమును గూర్చి పలుకును. మలిన్స్‌కు ప్రియమైన వాద్యము డల్సిమర్. తంత్రులను చిన్న సుత్తులతో మీటెడి ఈ వాద్యము మన సంతూరునకు దగ్గరి చుట్టము. తొలినాటి రికార్డులలో విద్యుత్ వాద్యముల మెరుగు ఆయన సహజధ్వనిని కొంత కప్పివేసినది. ఇచట డల్సిమర్ స్వేచ్ఛగా మ్రోగినది. ‘క్రీడ్’ అను గీతమున ఆయన స్వకవిత్వమును దాదాపుగా ప్రక్కకు పెట్టి, క్రైస్తవులు శతాబ్దములుగా వల్లించు అపొస్తలుల విశ్వాసప్రమాణమునే పాడెను. కవి వెనుకకు తగ్గగా పాట ముందునకు వచ్చినది. ‘హోల్డ్ మీ జీసస్’ అందుకు భిన్నమైనది. అందు విజయోత్సాహము లేదు. భయపడి అలసిన మనుష్యుని వేడికోలు కలదు. ధైర్యవచనములకే గిరాకీ యున్న అంగడిలో తన బలహీనతను దాచకపోవుట సామాన్యము కాదు.

ఆయన జీవితమును ఈ దృష్టితోనే చూడవలెను. పాటల వలన వచ్చిన ధనమును ఆయన తన చేతికి రానీయలేదు. అది దేవాలయపు పెద్దలకు చేరెడిది. వారు ఒక సగటు శ్రామికుని వేతనమును మాత్రము ఆయనకిచ్చి, తక్కినది ధర్మకార్యములకు పంపెడివారు. 1995లో ఆయన న్యూమెక్సికోలోని నవాహో ఆదివాసుల సీమకు పోయి, పిల్లలకు సంగీతము నేర్పుచు నివసించెను. ఇది చదివినప్పుడు తెలుగువారికి, అందును తమిళదేశమున స్థిరపడిన తెలుగువారికి, తిరువయ్యారు స్మరణకు రాక మానదు. త్యాగరాజస్వామి తంజావూరు రాజసన్మానమును నిరాకరించెనని పెద్దలు చెప్పుదురు. కాని భేదమును మరువరాదు. స్వామి ఆస్థానపు గడప త్రొక్కలేదు. మలిన్స్ అంగడిలోనే యుండి లాభమును మాత్రము వదలుకొనెను. పైగా సచ్చరిత్ర యొక్కటే పాటను మంచిపాటగా చేయజాలదు. తన్ను తాను తగ్గించుకొను ఆ స్వభావము గీతరచనలోను కానవచ్చుట చేతనే దానిని ఇచట పేర్కొంటిని.

1997 సెప్టెంబరు 19వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన మోటారు ప్రమాదములో ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 41 ఏండ్లు. దానికి కొలది దినముల ముందు ఒక పాడువడిన దేవాలయమున కూర్చుండి, సామాన్యమైన క్యాసెట్టుపై క్రొత్త పాటలను ముద్రించుకొనెను. 1998లో ‘ది జీసస్ రికార్డ్’ పేర మిత్రులు ఆ పాటలను చక్కగా పాడి, మూలపు క్యాసెట్టును కూడ జతచేసి వెలువరించిరి. రెండును వరుసగా వినినవారికి, మెరుగులు దిద్దిన గానము కంటె ఆ గరగరలాడు క్యాసెట్టే హృదయమును తాకును. ఆయన విశ్వాసము పాటకు మేలే చేసినదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

1993 నాటి సంపుటమున కడపటి గీతము ‘ల్యాండ్ ఆఫ్ మై సోజర్న్’. పరవాసినై నేను నివసించు భూమి యని దాని పేరునకు అర్థము. స్వదేశమును ప్రేమించుచునే అందు తాను పరవాసినని కవి భావించెను. తరతరములుగా పొరుగుభాషల నడుమ నివసించుచు, ఆ నేలను తమదిగా చేసికొనియు, ఇంటిలో తెలుగు పలుకును నిలుపుకొన్న మనకు ఈ పాట భాష పరాయిది కావచ్చును. భావము మాత్రము పరాయిది కాదు.