ఇంజిన్ మార్చిన అంబాసిడర్

వరంగల్‌లో ఇంజిన్ మార్చిన పాత అంబాసిడర్ అమ్మకానికి ఉందంటే మనసు లాగుతుంది. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయిన బండి మరి! 1489 సీసీ ఇంజిన్ తీసేసి ఇసుజు 1.8 లీటర్లది కూర్చోబెట్టారంటే ఆశ ఇంకా పెరుగుతుంది. తొంభైల్లో కంపెనీయే ఆ ఇంజిన్‌తో అంబాసిడర్లు అమ్మింది.

నాకు మాత్రం ఆ పని చేసిన ఆటోనగర్ మెకానిక్ మీద గౌరవం. వచ్చే ఇంజిన్ పాత మౌంటింగులకు సరిపోదు. బ్రాకెట్లు కోసి, కొలత తప్పకుండా వెల్డింగ్ చేయాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కత్తిరించి మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. లేదంటే వేగం అందుకోగానే బండంతా వణుకుతుంది. పనితనం ఉన్నవాడు బండి స్టార్ట్ చేసి, గేర్ రాడ్ మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకు ఎక్కడ పుడుతోందో పసిగడతాడు. ఏళ్ల తరబడి నూనె చేతులతో నేర్చిన విద్య అది.

కొనాలనిపిస్తే ముందు బండి కింద పడుకుని, టార్చి వేసి వెల్డింగ్ చూడండి. పగులు కనబడితే లేచి వచ్చేయండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కాలి. ఎక్కకపోతే ఎంత చవకైనా వద్దు. అన్నీ కుదిరితే, ఆ ఇంజిన్ ఎక్కించిన మెకానిక్‌నే వెతికి పట్టుకోండి. బండి ధర దగ్గర ఎంతైనా బేరమాడండి గానీ, అతని కూలి దగ్గర ఆడకండి.