ఆంగ్లక్రియల సందిగ్ధత – తెలుగు క్రియావివేకము

1998లో సైబర్ టవర్సు ప్రారంభముతో రూపొందిన హైటెక్ సిటీ కార్యాలయములలో 'టికెట్ రైజ్ చేయుము' అనుట నిత్యవ్యవహారము. ఫిర్యాదును నమోదు చేయుమని దాని భావము. ఇచ్చటి ఆంగ్లక్రియ సకర్మకమైన 'రెయిజ్'. పలుకుబడిలో అది అకర్మకమైన 'రైజ్'తో ఏకమైనది.

దీనిని అజ్ఞానమని పరిహసించుట యుక్తము కాదు. తెలుగు వ్యవహర్త ఆంగ్లక్రియను నామప్రాయముగ గ్రహించి, దానికి 'చేయు', 'అగు' అను క్రియలను చేర్చును. 'అప్‌డేట్ చేసితిని', 'అప్‌డేట్ అయినది' అనుచోట సకర్మకాకర్మక భేదమును మన క్రియలే వహించును. ఆంగ్లపదమున ఆ భేదముతో పనియే లేదు. కాని అతడే ఆంగ్లమున లేఖ వ్రాయ బూనినప్పుడు ఈ ఊతము తొలగిపోవును. వ్యయము తనంత పెరిగినదో, ఎవరేని పెంచిరో చదువరికి తెలియకుండును. బాధ్యత ఎవరిదో మరుగుపడును.

అయినను పెరుగు–పెంచు, తెగు–తెంచు వంటి జంటలు మనకు ఉగ్గుపాలతో అబ్బినవి. 'రైజ్' అన పెరుగుట, 'రెయిజ్' అన పెంచుట. అట్లే 'లెండ్' ఎరువిచ్చుట, 'బారో' ఎరువు తెచ్చుకొనుట. వీనిని మాతృభాషాధారముననే బోధింపవచ్చును. 'సే', 'టెల్' అనునవి వేరు తెగ. రెంటికిని మనకు 'చెప్పు' చెల్లును. అట్టివానికి వాక్యప్రయోగాభ్యాసమే శరణ్యము.

ఈ రెండు తెగలను ఒకే పట్టికలో కలిపి వల్లె వేయించుట బోధనాదోషము. భేదము తెలుగున ఉన్నచోట తెలుగే గురువు. లేనిచోట ఆంగ్లవాక్యమే గురువు.