కెల్మ్‌స్కాట్ సభాభవనం

విలియం మారిస్ అనగానే కొందరికి పూలతీగల అద్దకాలు గుర్తొస్తాయి. మరికొందరికి 1884 చివర పుట్టిన సోషలిస్టు లీగు. ఈ రెంటి మధ్యనున్న చిక్కును మాత్రం చాలామంది తడమరు. ఆ చిక్కు రాతిగోడలుగా నిలిచినచోటు ఇంగ్లండులోని కెల్మ్‌స్కాట్ గ్రామం.

కుమార్తె మే మారిస్ పట్టుబట్టి చందాలు పోగుచేయగా, ఆయన శతజయంతి సంవత్సరమైన 1934లో అక్కడ సభాభవనం లేచింది. నమూనా ఎర్నెస్ట్ గిమ్‌సన్‌ది. అతడు 1919లోనే చనిపోయాడు. ఆ ప్రాంతపు సున్నపురాయి గోడలు, రాతిపలకల కప్పు. స్తంభాల ఆర్భాటం లేదు. ఆ సీమ ధాన్యపు కొట్టాలకు చుట్టంలా ఉంటుంది. పొలం నుంచి వచ్చినవాడు బురదకాళ్ళతో జంకకుండా లోపల అడుగుపెట్టవచ్చు. నా దృష్టిలో ఇది చిన్న గుణం కాదు.

మారిస్ కంపెనీ సరుకులు కలవారే కొన్నారన్న ఆక్షేపణ పాతదే, నిజమే. చేతిపనికి న్యాయమైన కూలి ఇస్తే ధర పెరుగుతుంది. ధర పెరిగితే ఆ కూలివాడికే అందదు. పెట్టుబడిదారీ సంతలో ఈ ముడి ఉలితో విడిపోదని గ్రహించాడు కనుకనే ఆయన సోషలిస్టయ్యాడు. ఈ హాలు అమ్మకపు సరుకు కాదు, ఊరందరిదీను. అందుచేత ఆ శైలి ఇక్కడ తన మాట నిలుపుకుంది. కానీ డబ్బు మాత్రం దాతల దయ మీద ఆధారపడి వచ్చిందేనని మరువరాదు.

1934 అక్టోబరులో ప్రారంభించినది బెర్నార్డ్ షా. ఆ సభకు ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ కూడా వచ్చాడు. 1931లో లేబర్ పార్టీని కాదని టోరీలతో మంత్రివర్గం కట్టిన పెద్దమనిషి! మారిస్ పేరిట కట్టిన కప్పు కింద ఆయనకూ చోటు దొరికింది. ఊరివాళ్ళు ఆ హాలును నేటికీ వాడుకుంటున్నారు.