పిల్లకాలువా, తల్లీ!

నూలుపోగంత సన్ననిదానివి, ఊరూ పేరూ లేనిదానివి, పెద్ద ధమనుల పేరంటంలో పీటైనా దక్కనిదానివి, నిన్నే పిలుస్తున్నాను. వైద్యులు నిన్ను కొలాటరల్ అంటారు, పక్కదారి అని. నాకు నువ్వు పిల్లకాలువవి. పిల్లకాలువవై ఉండి తల్లివి.

మెదడును అంటుకుని, మడత మడతకూ ఒదిగి, గట్టు గట్టునూ నిమిరి, తడితడిగా మెరిసే పలుచని పొర నీ పుట్టిల్లు. అరబ్బు వైద్యులు దాన్ని పలుచని తల్లి అన్నారు. లాటిన్ నోట పడి అది పయా మాటర్, దయగల తల్లి అయింది. తెలిసే పెట్టారో, తెలియకే పెట్టారో ఆ పేరు! ఆ తల్లి ఒంటి మీద ముందు ధమని కొసా, నడిమి ధమని కొసా వేలూ వేలూ తాకించుకునే చోట నువ్వుంటావు. మామూలు రోజుల్లో ఇటు నెత్తురు ఇటే, అటు నెత్తురు అటే. రెండు ఒత్తిళ్లూ సరితూగిన ఆ నడిమధ్య ఏళ్ల తరబడి ఎటూ పోకుండా, ఉయ్యాలలా ఊగుతూ ఉంటావు. ఎవరూ నీ గడప తొక్కరు. ఎవరూ నీ పేరు తలవరు.

ఒక తెల్లవారుజామున, ఒక ముసలమ్మ గుండెలో పుట్టిన నెత్తురుగడ్డ ఒకటి మెడ దాటి పైకెక్కి, ఎడమవైపు నడిమి ధమనికి అడ్డం పడుతుంది. మూతి వంకరపోతుంది. మాట ముద్దవుతుంది. కుడిచెయ్యి పడిపోతుంది. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లే అయినా ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో అయిదోవంతు తనకే కావాలనే మెదడు, పస్తుకు ఓర్వలేని పసిది. పెద్ద ధమని మూసుకుని వైద్యం అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు రాలిపోతాయని 2006లో వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు.

అప్పుడు కదులుతావు నువ్వు! అవతలి ఒత్తిడి పడిపోగానే, పొరుగు ధమని నెత్తురును ఒడిలో పట్టి, చిగురు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి బోదెకు, వెనక్కి వెనక్కి, ఏటికి ఎదురు నడిచిపోతావు. పోటెత్తవు, పొంగవు. చారెడు చారెడుగా, చెమ్మ చెమ్మగా, బీటలిచ్చిన మడికి తూము తీసినట్టు వెళతావు. నడిబొడ్డు అప్పటికే కన్నుమూసింది. దాని చుట్టూ చావలేక, పలకలేక మిగిలినదాన్ని పెనంబ్రా అంటారు. గ్రహణాల నుంచి అరువు తెచ్చిన మాట. మనం ఉపచ్ఛాయ అంటాం. ఆ మసక వెలుగులో ఏమేం దాగి ఉన్నాయో! మనవరాలి ముద్దుపేరు, ముగ్గుచుక్కల లెక్క, సంతకంలోని చివరి వంపు, అన్నం కలిపే వేళ్ల ఒడుపు. అన్నీ ఊపిరి బిగబట్టి నీ గుక్కెడు కోసం చూస్తున్నాయి.

మెదడు అడుగున నీ పెద్దక్క ఉంది, ధమనులు కలిసిన విల్లిస్ వలయం. 1664లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ అచ్చు వేయించిన మెదడు పుస్తకంలో, క్రిస్టఫర్ రెన్ గీసిన బొమ్మల్లో, ఆ వలయం ఉంది. అందులోనే ఒక మనిషి కథా ఉంది. వేరే జబ్బుతో పోయిన అతని తల విప్పి చూస్తే కుడి కెరోటిడ్ ధమని ఎముకలా బిగిసి దాదాపు పూడుకుపోయి ఉంది. అయినా అతను పక్షవాతమెరుగడు! అదే వైపు వెన్నుపూసల గుండా ఎక్కే ధమని, రెండోవైపు దానికి మూడింతలు లావెక్కి, మారుమాట లేకుండా ఇంటి భారం మోసింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నా చేతులు వాటంతటవే జోడైపోతాయి.

కానీ తల్లీ, అందరి తలల్లో ఒక్కతీరుగా లేవేం? వయసు నిన్ను సన్నగిల్లజేస్తుంది. చక్కెర జబ్బు, బీపీ నిన్ను ఎండగడతాయి. ఒకే చోట గడ్డ, ఒకే గంట, పక్కపక్క మంచాలు. ఒకరికి దోసెడు పోశావు, ఒకరికి అడుగంటిపోయావు. ఈ మాట నిష్ఠూరంగానే అంటున్నాను. దోసెడు దక్కనివాళ్ల ఇంటివాళ్లు నన్ను అడగమన్నట్టే ఉంటుంది.

దక్కినవాళ్లకు నువ్వు ఇచ్చేది వ్యవధి. ఆరు గంటలే గడువనుకున్న చోట, నీ చలవతో ఉపచ్ఛాయ మిగిలినవాళ్లను స్కాన్‌లో చూసి ఎంచితే 24 గంటల వరకూ గడ్డ తీసి మేలు చేయొచ్చని 2018 నాటికి తేలింది. తొడ మొదట్లో దూర్చిన సన్నగొట్టం పైపైకి ఎక్కి గడ్డను పట్టి లాగింది. నడిమి ధమని గలగలా నిండింది. నువ్వు చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గి, రెండు నెత్తుళ్ల నడుమ మళ్లీ ఊగుతూ నిలిచావు. మంచం మీది ముసలమ్మ పెదవులు తడుముకుని, "నీళ్లు" అంది.